పాఠశాల కాస్తా పారశాల అయిన కథ: బడి డిజైన్లకి ఫాంట్ వెతుక్కున్న నా అనుభవం

మాది తిరుపతిలో బైరాగిపట్టెడ. చిన్న డిజైన్ అంగడి. ఒక సిస్టం, ఒక కలర్ ప్రింటరు, ఒక లామినేషన్ మిషను, అంతే. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశం ఫ్లెక్సీలు, కొండకి నడిచిపోయే బ్యాచ్‌ల టీషర్టులు, శ్రద్ధాంజలి బ్యానర్లు, ఇవే మాకు అన్నం పెట్టేవి. వీటికి ఫాంట్ గురించి బుర్ర బద్దలు కొట్టుకునే పనే లేదు, అను ఫాంట్లలో పదేళ్ళ నుంచి వాడేవి నాలుగైదు ఉండాయి, పెళ్ళికి ఒకటి, చావుకి ఒకటి, లీడరు పుట్టినరోజుకి ఒకటి, కళ్ళు మూసుకోని పెట్టేస్తాం.

బడి పని మాత్రం నాకు కొత్త. పోయినేడు ఆగస్టులో కరకంబాడి రోడ్డు పక్క ఒక బడి నుంచి తెలుగు మేడం వచ్చినారు. 29న తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు కదా, దానికి గేటుకి 10 బై 4 బ్యానరు, స్టేజి వెనక ఒక పెద్దది, సర్టిఫికెట్లు, ఇంకా పిల్లలు చొక్కాకి పెట్టుకునే అక్షరాల బ్యాడ్జీలు కావాలన్నారు. ఒక్కో పిల్లోడికి ఒక్కో అక్షరం, మేడం లెక్కలో మొత్తం 56. అన్నీ చెప్పి లేచి పోతా పోతా "మీ పెళ్ళి పత్రిక ఫాంట్ పెట్టొద్దు సామీ, పిల్లల ఫాంట్ పెట్టు, చూస్తానే నవ్వు రావాల" అన్నారు.

పిల్లల ఫాంట్ అంటే ఏంది? అప్పటిదాకా నేను దాని గురించి ఆలోచించిందే లేదు.

ఇంగ్లీషులో అయితే నిమిషంలో పని. కామిక్ శాన్స్ ఉండనే ఉండాది, 1994లో విన్సెంట్ కొనేర్ అనే ఆయన మైక్రోసాఫ్ట్‌లో ఉన్నప్పుడు చేసింది, ఒక సాఫ్ట్‌వేర్‌లో కార్టూన్ కుక్క మాట్లాడే బెలూన్లో బిగుసుకుపోయిన అక్షరాలు చూసి, ఇది కుక్క మాట్లాడినట్టు లేదే అని మొదలుపెట్టినాడంట. డిజైనర్లు దాన్ని చూసి మూతి ముడుస్తారు గానీ నా మటుకు నాకు దాని మీద కోపం లేదు, ఎందుకు పుట్టిందో ఆ పని అది చేసింది. అది కాకున్నా ఫ్రెడోకా లాంటివి ఉండాయి, గుండ్రంగా బొద్దుగా చూడను బాగుంటాయి. ఇంకా పెన్సిల్ ఆకారంలో, ఆపిల్ కాయలతో, చాక్‌పీసుతో రాసినట్టు ఎన్నో దొరుకుతాయి. నేను ఆ రాత్రి ఒక సైట్లో నుంచి ఓ పదిహేను దించుకున్నా. దించుకోని "తెలుగు భాషా దినోత్సవం" అని టైపు చేసి ఒక్కోటీ పెట్టి చూస్తే, పదిహేనింటిలోనూ తెలుగు అచ్చం ఒకే మాదిరి వస్తా ఉంది! రొంచేపటికి గానీ వెలగలా, ఆ ఫాంట్లలో తెలుగే లేదు, లేకపోతే విండోస్ తనంతట తనే నిర్మలా ఫాంటుకి మారిపోతాది. పక్కన ఇంగ్లీషు అక్షరాలు గంతులేస్తా ఉంటే తెలుగు మాత్రం హెడ్మాస్టరు ముందర చేతులు కట్టుకోని నిలబడిన పిల్లోడి మాదిరి ఉంది.

పైగా వాటిలో సగానికి లైసెన్సులో సొంత వాడకానికి మాత్రమే అని ఉండాది. ఇది చానామంది చూడరు, నేనూ అంతకుముందు చూసేవాణ్ణి కాదు. ఫ్రీగా దించుకున్నంత మాత్రాన డబ్బు తీసుకోని చేసే పనికి వాడొచ్చని కాదు.

సరే అని తెలుగులోనే వెతకడం మొదలుపెట్టినా. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు అని పెట్టి చూస్తే నేను అనుకున్నదానికంటే ఎక్కువే ఉండాయి. మండలి, మల్లన్న, సురన్న, రామభద్ర, పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణ, అష్టదిగ్గజాల్లో చానామందిని ఫాంట్లలోకి దించేసినారు. మన పక్క ఊరు శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతో కూడా ఒకటి ఉండాది, అది చూసి నిజంగా సంబరం అయింది, మనూరోడు ఫాంట్ అయినాడు అని మా ఆవిడని పిలిచి చూపించినా. అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు మీద ఉండాయి, డబ్బు తీసుకునే పనికీ వాడుకోవచ్చు, ఫాంట్‌ని మాత్రం విడిగా అమ్ముకోకూడదు. గిడుగు అని కూడా ఉండాది. మేడానికి ఫోన్ చేసి "గిడుగు గారి పండక్కి గిడుగు ఫాంటే పెడదామా" అంటే ఆమె నవ్వి "పేరు చూసి పెట్టొద్దు అబ్బాయ్, అక్షరం చూసి పెట్టు" అన్నారు. ఆ మాట నేను అప్పుడు సరిగ్గా వినుంటే 480 రూపాయలు మిగిలుండేవి.

నాకు మాత్రం చాక్‌పీసు పిచ్చి పట్టుకోనుంది. నల్లబల్ల, దాని మీద తెల్లగా పొడిపొడిగా రాసిన అక్షరం, బడి అంటే నాకు అదే గుర్తొస్తాది. తెలుగులో అట్లాంటిది దొరకలేదు, ఇంగ నేనే తయారు చేద్దామని ఒక లావు ఫాంట్ తీసుకోని, దాని మీద చాక్ టెక్చర్ వేసి, అక్కడక్కడా గీకినట్టు పొడి రాలినట్టు చేసినా. ముందర ఫోటోషాప్‌లో టైపు చేస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కకొచ్చి కూర్చున్నాయి. మా దగ్గరుండేది పాత వర్షను, దాంట్లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట టెక్స్ట్ ఇంజన్‌ని మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనే దానికి మార్చాల, ఆ తర్వాత కొత్త ఫైలు తెరిస్తే ఒత్తులు వాటి చోటికి అవి పోతాయి. బ్యానర్లు గీసే కోరెల్ డ్రా కూడా నాది పాతదే, అను లాంటి పాత రకం ఫాంట్ అయితే బాగా పని చేస్తాది గానీ యూనికోడ్ తెలుగు, అంటే ఈ గూగుల్ ఫాంట్ల మాదిరి కొత్త రకం, పెడితే చిందరవందర. దానికి నేను కనిపెట్టిన దారి ఏందంటే ఇంక్‌స్కేప్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉండాది, దాంట్లో టైపు చేస్తే ఒత్తులు బాగా వస్తాయి, అక్కడే పాత్ చేసేసి, అంటే అక్షరాన్ని గీతల బొమ్మగా మార్చేసి, కోరెల్లోకి తెచ్చుకోవడం. రొంత తిప్పలే, కానీ కొత్త సాఫ్ట్‌వేర్ కొనే పని లేదు.

డిజైను ఎంత బాగా వచ్చిందంటే నాకు నేనే భుజం తట్టుకున్నా. వాట్సాప్‌లో మేడానికి పంపితే "బాగుంది" అని రెండు చేతుల బొమ్మ పెట్టినారు. కర్వ్స్ కొట్టి (కోరెల్లో అక్షరాల్ని బొమ్మగా మార్చడాన్ని అట్లా అంటాం) ఫ్లెక్సీ ప్రెస్‌కి పంపినా, 26 సాయంత్రం బ్యానరు చుట్ట చుట్టి బండి మీద పెట్టుకోని పోయి బడి కాడ ఇచ్చొచ్చినా.

27 పొద్దున తొమ్మిదికి ఫోన్.

"ఏం సామీ, పిల్లోళ్ళని పార ఎత్తుకోని రమ్మంటావా?"

నాకు అర్థం కాలా. "ఏంది మేడం?" అన్నా.

"వచ్చి చూడు."

పోయి చూస్తే బ్యానరు గేటుకి కట్టున్నారు. రోడ్డుకి ఈ పక్క నిలబడి చదివితే, తేటతెల్లంగా, నాలుగడుగుల బ్యానరు మీద, "ప్రాధమిక పారశాల".

నేను టైపు చేసింది ప్రాథమిక పాఠశాల. సిస్టంలో ఇప్పుడు తెరిచి చూసినా అదే ఉంటాది. అయిందేందంటే, ఠ కి ర కి తేడా కడుపులో ఒక్క చుక్క. థ కి ధ కి తేడా కూడా కడుపులో ఒక్క చుక్కే. నేను పొడి రాలినట్టు ఉండాలని వేసిన టెక్చరు ఆ రెండు చుక్కల్నీ తినేసింది. ఠ కాస్తా ర అయిపోయింది, థ కాస్తా ధ అయిపోయింది. ప్రాధమిక అని చానా బోర్డుల మీద తప్పుగానే రాసుంటారు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోకపోదురేమో, కానీ పారశాల! అదీ తెలుగు భాషా దినోత్సవం బ్యానరు మీద! మూడో తరగతి పిల్లోడు ఒకడు గేటు పట్టుకోని ఊగతా "పారశాల పారశాల" అని పాట పాడతా ఉన్నాడు.

మేడం తిట్టలేదు, అదే ఇంకా కష్టంగా ఉండాది. "ఇంగ్లీషులో ఐ మీద చుక్క పోయినా ఐ అనే చదువుతారు నాయనా, మనకి చుక్క పోతే అక్షరమే పోతాది" అని మాత్రం అన్నారు. వాట్సాప్‌లో ఎందుకు కనపడలేదంటే, ఫోన్లో ఆ అక్షరం వడ్లగింజంత ఉంటాది, చుక్క ఉందో లేదో కన్ను చూడదు, పాఠశాల అని మనసే చదివేసుకుంటాది. నేనూ అట్నే చదివినా, ఆమే అట్నే చదివినారు. పిల్లోళ్ళు మాత్రం ఉండేది ఉండినట్టు చదువుతారు.

ఇంటికొచ్చి ఆ రోజు వేరే పనులన్నీ పక్కన పెట్టేసినా. ముందర ఒక వాక్యం రాసుకున్నా, బడి పనికి వచ్చే చిక్కు అక్షరాలన్నీ పడేటట్టు:

"ప్రాథమిక పాఠశాల విద్యార్థులు రాష్ట్ర స్వాతంత్ర్య వేడుకల్లో జ్ఞాపకంగా ఢంకా కొట్టినారు."

వాక్యానికి అర్థం పర్థం అడగొద్దు. దీంట్లో చుక్కలుండాయి, ష కింద ట, దాని కింద ర, అట్లా మూడంతస్తులుండాయి, త్ర్య ఉండాది, విద్యార్థిలో థ ఒత్తు ఉండాది. ఆ ఒత్తు థ లో కూడా చుక్క ఉంటాది చూడండి, అది ఇంకా చిన్నది, ముందుగా చచ్చేది అదే.

ఈ వాక్యాన్ని ఒక్కో ఫాంట్లో పెట్టి ఏ ఫోర్ మీద ప్రింట్ తీసి అంగడి షట్టర్‌కి అంటించినా. మా పాపది రెండో తరగతి. రోడ్డుకి అవతల నిలబెట్టి చదవమన్నా. దారిన పోయే వాళ్ళు ఇదేదో కంటి ఆస్పత్రి క్యాంపు అనుకోని ఆగి చూస్తా ఉండారు, ఒక పెద్దాయన అయితే నాది కూడా చూడు నాయనా అని వచ్చి నిలబడినాడు, ఆయన చేత కూడా చదివించినా, మంచిదే కదా.

లక్కి రెడ్డి అనే ఫాంట్ చేత్తో రాసినట్టు ఉంటాది, చూడను చానా బాగుంది, నవ్వు కూడా వస్తాది, రెండు మూడు పదాల హెడ్డింగుకి భలే ఉంటాది. పొడుగు వాక్యం పెడితే మాత్రం మా పాప మధ్యలో ఆగిపోయింది, "నాన్నా ఇది ఎవరో పెద్దోళ్ళు రాసినట్టు ఉంది" అన్నింది. నిజమే, పెద్దోళ్ళ చేతిరాత పిల్లలకి సరదాగా ఉండదు, కష్టంగా ఉంటాది. నాకు ఆ ముక్క ఎప్పుడూ తట్టలేదు. రవి ప్రకాష్ అని ఇంకోటి పెట్టినా, పోస్టరుకి బాగుంటాది, నేను దాన్ని వేరే పనికి దాచిపెట్టుకున్నా. అనేక్ తెలుగు శుభ్రంగా ఉంది, అది 2022లో వచ్చింది, సన్నం నుంచి లావుదాకా, ఇరుకు నుంచి వెడల్పుదాకా ఎట్లా కావాలంటే అట్లా సాగదీసుకోవచ్చు, సర్టిఫికెట్లో చిన్నక్షరాలకి దాన్నే పెట్టినా. కానీ అల్లరి లేదు.

ఇంకోటి చెప్పాల, ఇవన్నీ ఒకే పాయింటు సైజు పెడితే ఒకే సైజులో రావు. ఒకటి 40 పెడితే పిడికిలంత, ఇంకోటి అదే 40 పెడితే బటాణీ అంత. అట్లా పక్కపక్కన పెట్టి ఇది బాగలేదు అది బాగుంది అనుకుంటే మోసపోతాం, పెద్దగా కనిపించేదే బాగున్నట్టు ఉంటాది. క అక్షరం ఎత్తు అన్నింట్లోనూ సమానం చేసుకోని అప్పుడు చూడాల.

చివరికి నిలబడింది బాలూ తమ్ముడు 2. ఏక్ టైప్ అనే ముంబై వాళ్ళు చేసినారు. అంచులన్నీ గుండ్రంగా, బొద్దుగా, ఇడ్లీ మాదిరి మెత్తగా ఉంటాది. దీంట్లో అక్షరం వంకర పోదు, గంతులు వేయదు, అయినా చూస్తే సరదాగా ఉంటాది, అది ఎట్లా చేసినారా అని నేను చానాసేపు పెద్దది చేసి చూస్తా కూర్చున్నా. అక్షరం ఆకారం బళ్ళో నేర్పించిన ఆకారమే, గుండ్రదనం ఒక్కటే ఎక్కువ. తలకట్టు కూడా చిన్న టోపీ పెట్టినట్టు ఉంటాది. మా పాప ఆ వాక్యం ఆగకుండా చదివేసింది, "ఢంకా అంటే ఏంది నాన్నా" అని అడిగింది కూడా.

దీంట్లో రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా ఐదు మందాలు ఉండాయి. నా చెయ్యి ముందర ఎక్స్‌ట్రా బోల్డ్ మీదికే పోయింది, ఫ్లెక్సీ వాళ్ళ జబ్బు ఇది, ఎంత లావైతే అంత బాగా కనపడతాదని. కానీ ఎంత లావైతే కడుపులో ఖాళీ అంత తగ్గతాది, చుక్కకి చోటు ఉండదు. సెమీ బోల్డ్‌కి దిగినా. ఈసారి 10 అడుగుల సైజుకి పెంచి, ఠ లో చుక్కని స్క్రీన్ మీద కొలుచుకున్నా, ప్రింటులో ఒకటిన్నర సెంటీమీటరు వస్తాదని తేలినాకనే పంపినా.

సరదా మాత్రం నేను వదల్లేదు. "తెలుగు భాషా దినోత్సవం" అనే దాంట్లో ఒక్కో అక్షరాన్ని ఒక్కో రంగులో పెట్టి రొంత అటు ఇటు వంచినా. ఇక్కడ ఇంకో గొయ్యి ఉండాది. కోరెల్లో కర్వ్స్ కొట్టినాక బ్రేక్ అపార్ట్ చేస్తే అక్షరంలో ఖాళీలు కూడా విడి ముక్కలైపోయి రంగుతో నిండిపోతాయి, ఒత్తు ఒక ముక్క, గుడి ఒక ముక్క, చుక్క ఒక ముక్క. ఇంగ్లీషులో చానావరకు ఒక అక్షరం అంటే ఒక ముక్క, మనకి త్స అంటే త, దాని కింద స ఒత్తు రెండూ కలిసి ఒకే అక్షరం, రెండిటికీ ఒకే రంగు, వంచితే రెండూ కలిసి వంగాల. నేను ఒకసారి త కి ఎరుపు, స ఒత్తుకి పచ్చ పెట్టేసినా, ఒత్తు ఎవరో పారేసుకున్న చెప్పు మాదిరి కింద పడుంది. ఒక్కో అక్షరం ముక్కలన్నీ ఎంచుకోని కంబైన్ కొట్టి, ఖాళీలు మళ్ళీ తెరుచుకున్నాయా లేదా చూసుకోని, అప్పుడు రంగు. తొమ్మిది అక్షరాలకి గంట పట్టింది. తెల్ల ఔట్‌లైన్ కూడా ఇచ్చినా, కానీ ఫిల్, అంటే అక్షరం లోపలి రంగు, దాని వెనక పోయేటట్టు టిక్కు పెట్టినా, లేకపోతే ఆ ఔట్‌లైనే లోపలికి పాకి చుక్కని మళ్ళీ మింగుతాది.

నల్లబల్ల నాకు ఇష్టం కదా, దాన్ని అట్నే ఉంచినా, అక్షరం కాకుండా వెనక బ్యాక్‌గ్రౌండుకి మాత్రమే చాక్ టెక్చర్ వేసినా. అంత సులువు పని, ముందరే ఎందుకు తట్టలేదో తెలీదు.

28 పొద్దున మేడానికి ఫోన్లో పంపలేదు, ఏ ఫోర్ నాలుగు షీట్లు అంటించి బడికే ఎత్తుకోని పోయినా. ఆమె తను చూడకుండా ఒకటో తరగతి నుంచి ఇద్దర్ని పిలిచి చదవమన్నారు. కూడబలుక్కోని చదివినారు, పా...ఠ...శా...ల. ఆమె నా వైపు చూసి తల ఊపినారు. బ్యానరు డబ్బు రెండోసారి నేను అడగలేదు, అడుగు 12 లెక్కన 40 అడుగులకి 480, నా జేబులో నుంచి కట్టుకున్నా.

తర్వాత ఒక విషయం తెలిసి నవ్వొచ్చింది. ఈ బాలూ ఫాంట్లకి ఒక్కో భాషలో ఒక్కో చుట్టరికం పేరు పెట్టినారు, మనకి తమ్ముడు, తమిళంలో తంబి, మలయాళంలో చేట్టన్, పంజాబీలో పాజీ. ఈ మధ్య నగరి పక్క నుంచి ఒక బడి పని వచ్చింది, అక్కడ పిల్లలు కొంతమంది తమిళం చదువుతారు, బోర్డు తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడింటిలో కావాలన్నారు. ఇదివరకు అయితే మూడు భాషలకి మూడు రకాల ఫాంట్లు పడి బోర్డు మూడు ఊర్ల బస్సులు ఒకే స్టాండులో ఆగినట్టు ఉండేది. తమ్ముణ్ణీ తంబినీ పక్కపక్కన నిలబెడితే నిజంగానే ఒక తల్లి పిల్లలు మాదిరి ఉన్నారు.

29న నేను ఊరికే చూసొద్దామని బడికి పోయినా. పిల్లలంతా చొక్కాలకి బ్యాడ్జీలు పెట్టుకోని అ నుంచి వరసగా నిలబడి ఉండారు. ఙ దొరికినోడు ఏడుపు మొహం పెట్టున్నాడు, దాంతో మొదలయ్యే మాట ఒక్కటి కూడా లేదంట. వరసలో ఎక్కడో ఉండాల్సిన ఠ పిల్లోడు నడిచొచ్చి ర పాప ముందర నిలబడి, ఆమె బ్యాడ్జీ చూసి, వాడిది చూసుకోని, వేలు పెట్టి చూపిస్తా ఉన్నాడు.

"నీకు చుక్క లేదు. నాకుండాది."

ఆ పాప చానాసేపు రెండూ మార్చి మార్చి చూసి, "నాకూ కావాల" అని మేడం కాడికి పోయింది.